ఔలీ వాలుపై తొలి పాఠములు

ఉత్తరాఖండ రాష్ట్రమున చమోలీ జిల్లాలో, బదరీనాథమునకు పోవు మార్గమునందలి జోషీమఠమను పురాతన పట్టణమునకు పైభాగమున, సముద్రమట్టమునకు 2,500 మీటర్లు మొదలు 3,000 మీటర్లకు కొంచెము మించిన ఎత్తువరకు, దేవదారు వనముల నడుమ ఏటవాలుగా పరచుకొనియున్న ఒక గడ్డినేల కలదు. దానికి ఔలీ అని పేరు. వేసవియందు అది గఢ్వాల్ కాపరులు మందలను మేపుకొను పచ్చిక. జనవరి మొదలు మార్చి తొలిదినములవరకు హిమము కప్పుకొని స్కీయింగ్ నేర్చుకొనువారికి పాఠశాల. ఆల్ప్స్ పర్వతములందు వందల కిలోమీటర్ల మంచుబాటలును పదులకొలది లిఫ్టులును గల మహాక్రీడాక్షేత్రములతో పోల్చినచో ఔలీ మిక్కిలి చిన్నది. ఒక ప్రధానమైన వాలు, సుమారు 800 మీటర్ల పొడవున సాగు ఒక ఛెయిర్ లిఫ్ట్, స్కీలతోనే మంచుమీదుగా పైకి లాగుకొని పోవు చిన్న లిఫ్ట్, చెట్ల మాటున కొన్ని వసతిగృహములు, వేడి టీయు నూడుల్సును అమ్ము దుకాణములు: ఊరంతయు ఇంతే. ఆ చిన్నతనమే దాని గొప్పతనమనియు, జీవితమున మొదటిసారి స్కీలు తొడుగుకొనువానికి చిన్న వాలును మించిన గురుకులము లేదనియు నా దృఢవిశ్వాసము. ఆ విశ్వాసమునకు గల కారణములను పాఠకుల ముందుంచుటకే ఈ వ్యాసము.

తెలుగువారికి హిమాలయముతో గల పరిచయము ప్రధానముగా యాత్రికుల పరిచయము. వేసవిలో బదరీ కేదారముల తలుపులు తెరువగనే గోదావరీ కృష్ణా తీరములనుండియు తెలంగాణపు పల్లెలనుండియు వృద్ధదంపతులు బృందములుగా బయలుదేరి, అలకనందలో మునిగి, తలుపులు మూయులోపల ఇల్లు చేరుదురు. కావున హిమము నిజముగా రాజ్యమేలు మాసములలో ఆ పర్వతము మనవారికి దాదాపు అపరిచితము. మన కావ్యములలో మాత్రము ఒక గృహస్థు అచ్చటికి వెళ్ళనే వెళ్ళెను. అల్లసాని పెద్దన మనుచరిత్రమున అరుణాస్పదపురవాసియగు ప్రవరుడు సిద్ధుడొసగిన పాదలేపనము పూసికొని హిమగిరిని చేరుటయు, మంచు సోకి ఆ లేపనము కరగిపోగా ఇల్లు చేరు దారి గానక పరితపించుటయు చదువరులందరెరిగిన కథయే. హిమమునకును మనుష్యపాదమునకును నడుమ ఒక సాధనముండవలెనని, ఆ సాధనము మంచునకు చెడక నిలువవలెనని ఆ కథ చదివిన నాటనుండి నా మనస్సున నాటుకొనియున్నది. ఔలీలో ఒక గదిలో స్కీపలకలను బోర్లించి, వేడి ఇస్త్రీపెట్టెతో మైనము కరగించి వాని అడుగుభాగమునకు పట్టించుచున్న పనివానిని చూచినప్పుడు నాకు ప్రవరుడే స్ఫురించెను. పలక మంచుపై సాగునప్పుడు రాపిడివలన పుట్టు వెచ్చదనమునకు అతి పలుచని నీటిపొర యేర్పడును. మైనము ఆ నీటిని పలకకు అంటనీయక జారునడకను సుగమము చేయును. సిద్ధుని లేపనమును మంచు హరించినది. ఈ లేపనము మంచుతోనే స్నేహము చేసి మనలను నడిపించును.

ఋషీకేశమునుండి జోషీమఠము సుమారు 250 కిలోమీటర్లు. దేవప్రయాగలో భాగీరథియు అలకనందయు కలిసి గంగ యగును. అటుపై రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ అను సంగమములను ఒక్కొక్కటిగా దాటినకొలది లోయ ఇరుకై, కొండలు మీదికి వచ్చుచున్నట్లుండును. వానకాలమున బురదపొంగుతో గర్జించు ఈ నదులు శీతకాలమున సన్నగిల్లి, తేటపడి, రాళ్ళ నడుమ లేతపచ్చని రంగున పారుచుండును. వేసవి యాత్రలో కనబడని ఈ శాంతరూపమును చూచుటకైనను చలిలో ఒకసారి ఆ దారిని పోవలెను. చీకటితోనే బయలుదేరినచో సాయంకాలమునకు జోషీమఠము చేరవచ్చును. పట్టణమునకు దిగువన విష్ణుప్రయాగలో ధౌళీగంగ వచ్చి అలకనందను కలియును.

శంకరభగవత్పాదులు స్థాపించినవిగా ప్రసిద్ధములైన నాలుగు పీఠములలో ఉత్తరపీఠమగు జ్యోతిర్మఠము ఇచ్చటనే యున్నది. బదరీనాథుని గుడి మూతపడిన మాసములలో ఆచార్యుల గద్దెను ఇచ్చటి నరసింహాలయమునకు తెచ్చి యుంచుదురు. సింహాచలము, అహోబిలము, యాదగిరిగుట్ట ఎరిగిన తెలుగువానికి ఆ గుడిలో అడుగిడగనే పరాయిదేశమను భావము తొలగిపోవును. ఆ నారసింహమూర్తి మణికట్టు ఏటేట సన్నగిల్లుచున్నదనియు, అది విరిగినప్పుడు కొండలు రెండును కలిసి బదరీమార్గము మూతపడుననియు, నాడు స్వామి భవిష్యబదరిలో వెలయుననియు స్థలపురాణము. పురాణము మాట అట్లుండగా, పట్టణము మాత్రము కన్నులెదుటనే సన్నగిల్లుచున్నది. పూర్వకాలమున విరిగిపడిన కొండచరియల శిథిలముమీద ఈ ఊరు నిలిచియున్నదనియు, ఇచ్చట భారీ కట్టడములు కూడవనియు 1976లోనే మిశ్రా సంఘము ప్రభుత్వమును హెచ్చరించెను. 2023 జనవరిలో నేల క్రుంగి 800లకు పైగా కట్టడములు బీటలువారినవి. వందల కుటుంబములు కట్టుబట్టలతో ఇల్లు విడిచినవి. బజారులో నడుచుచున్నప్పుడు ఒక రెండంతస్తుల ఇంటి గోడపై అధికారులు గీసిన ఎర్రని గుణకారపు గుర్తు చూచితిని. దాని ప్రక్కనే పగులులో చేయి పట్టునంత సందు. సందులోనుండి లోపలి వంటగది అలమర, దానిపై ఇంకను తీయని ఒక దేవుని పటము. ఇచ్చటినుండి ఔలీకి సుమారు 4 కిలోమీటర్ల దూరము గాలిలో సాగిన రోప్‌వే ఆ జనవరియందే ఆగిపోయినది. నేను వెళ్ళినది ఘాట్‌రోడ్డున, చక్రములకు గొలుసులు చుట్టిన జీపులో.

ఔలీ చేరి జీపు దిగినవాడు ముందుగా చూచునది వాలును కాదు, ఎదుటి ఆకాశమును. హాథీపర్వతము, గౌరీపర్వతము, ద్రోణగిరి, వాని వెనుక 7,816 మీటర్ల నందాదేవి. 1936లో టిల్‌మన్, ఓడెల్ అను ఇద్దరు ఆ నందాదేవి శిఖరము చేరిరి. 1950లో అన్నపూర్ణను అధిరోహించువరకు మానవుడు పాదము మోపిన శిఖరములలో అదియే అత్యున్నతము. గఢ్వాల్ ప్రజలకు మాత్రము ఆమె ఆరోహింపదగిన శిఖరము కాదు, ఇంటి ఆడపడుచు; పండ్రెండేండ్లకొకసారి ఆమెను అత్తవారింటికి సాగనంపుటకై రాజజాత్ అను సుదీర్ఘ పాదయాత్ర చేయుదురు. ద్రోణగిరి పాదమునందలి గ్రామస్థులకు ఆంజనేయుని ఆరాధింపకుండుట ఆచారము. సంజీవని కొరకై తమ కొండను పెకలించుకొని పోయెనను బాధ వారికి నేటికిని తీరలేదు. రామాయణమును ఇంత ఆత్మీయముగా, తమ ఊరి పొలము తగవువలె భావించువారిని నేను మరెచ్చటను చూడలేదు.

స్కీవిద్య బూట్ల గదిలో ఆరంభమగును. పొడవైన బల్లలు, తడి ఉన్నివాసన, గోడలవెంట సంఖ్యలు వ్రాసిన బూట్ల వరుసలు. గట్టి ప్లాస్టిక్‌తో చేసిన ఆ బూటు చీలమండను ఎటును కదలనీయదు. ముంగాలు కొంచెము ముందునకు వాలియుండునట్లు దాని నిర్మాణమే యుండును. పాదము లోనికి త్రోసి, మడమ వెనుకగోడకు ఆనువరకు నేలపై తట్టి, ముందున్న బకిళ్ళను ఒక్కొక్కటిగా బిగించవలెను. చలికి వెరచి మూడేసి జతల మేజోళ్ళు తొడుగువారున్నారు; దానివలన పాదము బిగిసి, నెత్తురాట తగ్గి, చలి హెచ్చగును, ముడుతలున్నచోట పొక్కులు లేచును. మోకాలివరకు వచ్చు ఉన్నిమేజోళ్ళు ఒక్క జత చాలును. మా శిక్షకుని అందరును ఉస్తాద్ అని పిలిచిరి. ఆయన ఈ కొండచరియలలోని ఒక గ్రామమున పుట్టి, ఈ వాలుమీదనే నేర్చి, ఈ వాలుమీదనే జుట్టు నెరసినవాడు. ప్రతివాని ఎదుట మోకరిల్లి, బూటు పైయంచున వేలు దూర్చి బిగువు చూచి, ముంగాలిని ముందునకు నొక్కి, మడమ లేచుచున్నదా యని అడిగి గాని వదలలేదు. తన శిష్యుల పాదములను ఇంత శ్రద్ధతో పట్టి చూచిన గురువును నేనెరుగను.

బయట మంచుమీద పలకలు అడ్డముగా పరచి, బూటు మొనను ముందు పట్టులో దూర్చి, మడమను అదిమి త్రొక్కగా ఠక్కున బిగిసికొనవలెను. మా జట్టులో ఒకరికి అది ఎంత త్రొక్కినను బిగియలేదు. ఉస్తాద్ వచ్చి బూటు అడుగు త్రిప్పి చూపెను. అంగుళమంత మందమున త్రొక్కుడుమంచు గట్టిపడి అంటుకొనియున్నది. చేతికర్ర మొనతో దానిని గీకివేసి, మరల పెట్టించగా చప్పుడైనది. ఆ పట్టులో ఒక స్ప్రింగ్ కలదు; మనుష్యుని బరువును, నేర్పును అనుసరించి దానిని బిగింతురు. కాలు మెలిపడునంత విసురుగా పడినప్పుడు అది తనంతట విడిపోయి ఎముకను కాపాడును. విడిపోయిన పలక లోయలోనికి పరుగెత్తకుండ చిన్న ఇనుపకొమ్ములు రెండు దిగి మంచును పట్టుకొనును. ఈ రెండు ఏర్పాటులను స్వయముగా చూచి గ్రహించిన తరువాత కొత్తవాని గుండెదడ చాలవరకు తగ్గును.

తరువాతి పాఠములు అన్నియు సమతలమునందే. ఒక్క పలకతో జారుట, రెండు పలకలతో నడచుట, వాలునకు అడ్డముగా నిలిచి పలకల అంచులను దిగవేయుచు పక్కవాటుగా ఒక్కొక్క అడుగే పైకెక్కుట. 3,000 మీటర్ల ఎత్తున గాలిపీడనము సముద్రతీరమున నుండు దానిలో సుమారు 70 శాతము మాత్రమే కావున, ఆ కొద్ది ఎక్కుడునకే రొప్పు వచ్చును. మొదటి దినమున నెమ్మదిగా నుండుట, వెచ్చని నీరు మాటిమాటికి త్రాగుట అవసరము. ఆపైన పడుట నేర్పుదురు. వెనుకకు గాక పక్కకు, కొండవైపునకు పడవలెను. పడిన తరువాత పలకలు రెండును శరీరమునకు దిగువన, వాలునకు అడ్డముగా వచ్చునట్లు త్రిప్పుకొని గాని లేవరాదు. వాలునకు నిలువుగా పెట్టుకొని లేవజూచువాడు లేచుటకు ముందే కదలిపోవును. ఆ కొండపై నీరు పోసినచో ఏ దిక్కున పారునో ఆ దిక్కును గుర్తెరిగి, దానికి అడ్డముగా నిలుచుట అలవడినవాడు స్కీవిద్యలో మొదటి మెట్టు ఎక్కినట్లే.

ఇక స్నోప్లౌ. పలకల మొనలను దగ్గరకు చేర్చి, వెనుక చివరలను ఎడముగా తెరచి, లోపలి అంచులను మంచులోనికి అదుమగా వేగము తగ్గును. మరింత ఎడముచేయగా ఆగిపోవును. గోదావరి లంకలలో వానకు నానిన గట్టుమీద నడుచు రైతు పాదపుటంచును అదిమి నిలద్రొక్కుకొన్నట్లే, ఇచ్చట ఉక్కుటంచు మంచును పట్టి మనిషిని నిలుపును. ఈ ఒక్క భంగిమ చేతనైనచో ఎంతటి కొత్తవాడైనను మెత్తని వాలున ఎక్కడనైనను దిగగలడు. మలుపు దానిలోనే యున్నది. ఎడమకు తిరుగవలెనన్నచో కుడికాలిపై బరువు మోపవలెను. కుడికి తిరుగుటకు ఎడమకాలిపై. సైకిలు త్రొక్కినవాని శరీరము తిరుగవలసిన వైపునకే ఒరుగ జూచును గాన, ఈ విపరీతము వశమగుటకు కొంత సమయము పట్టును. పలక నడుమ సన్నముగాను మొదట తుదను వెడల్పుగాను ఉండుటచేత, దానిని అంచుపై నిలిపి బరువు మోపగనే అది విల్లువలె వంగి తనంతట తాను మలుపు తీయును. 1990ల దశకమునుండి ఈ నడుము మరింత సన్నము చేసి, పొడవు తగ్గించి చేయుచున్న పలకలవలన నేటి విద్యార్థికి మునుపటివారికంటె త్వరగా మలుపు పట్టుబడుచున్నది.

అన్నిటికంటె కఠినమైన పాఠము మరియొకటి కలదు. దానిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలెను. వాలువైపు చూడగనే శరీరము తనంతట తాను వెనుకకు, కొండవైపునకు వ్రాలును. అది ప్రాణరక్షణకై పుట్టుకతో వచ్చిన స్వభావము. కాని బరువు మడమలపైకి పోగనే పలకల ముందుభాగము తేలికై, అంచులు పట్టువదలి, త్రిప్పుటకు లొంగక, పలకలు నేరుగా క్రిందికి పరుగెత్తును. దేనికి వెరచి వెనుకకు వ్రాలుదుమో అదియే అట్లు వ్రాలుటచేత సంభవించును. ముంగాలు బూటు నాలుకను ఒత్తునంతగా ముందునకు, లోయవైపునకు వంగినవానికే పలకలు వశమగును. మనస్సుకు ఇది ఒక్క నిమిషములో బోధపడును. శరీరమునకు బోధపడుటకు దినములు పట్టును. పుస్తకవిద్యకు అలవాటుపడిన మనబోటివారికి, తెలిసికొనుట వేరు, చేతనగుట వేరు అని ఇంత నిర్మొహమాటముగా చూపు విద్య మరొకటి తారసపడదు.

మా జట్టులో రాజమహేంద్రవరమునుండి వచ్చిన తండ్రియు కూతురును ఉండిరి. ఆయన పాఠశాలలో గణితము బోధించి విశ్రాంతి పొందినవారు. ఆమె హైదరాబాదున సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఆమెకు మలుపు మొదట పట్టుబడినది. తండ్రిగారు వాలు నడుమ నిలిచి, క్రిందికి చూచి, కదలలేకయుండిరి. ఆమె ఆయనకు కొంత దిగువన ఎదురుగా నిలిచి చేతులు చాచినది.

“నాన్నా, లోయలోకి చూడకండి. నన్ను చూస్తూ రండి. మోకాళ్ళు వంచండి.”

“వంచాను తల్లీ.”

“నడుం వంచారు. మోకాళ్ళు, నాన్నా!”

“ఏ కాలిమీద బరువెయ్యాలో బుర్రకి తెలుసమ్మా. కాలికింకా తెలియలేదు.”

ఉస్తాద్ ప్రక్కకు వచ్చి, “బాబూజీ, బూటు ముందుభాగం కాలికి గుచ్చుకోవాలి. గుచ్చుకుంటోందా?” అని హిందీలో అడిగెను. ఆయన తల యూపి, ముంగాళ్ళను ముందునకు నెట్టి, పలకలను తెరచి, మెల్లగా కదలిరి. కుడికాలిపై బరువు పడినది. పలకలు ఎడమకు తిరిగినవి. కూతురు వెనుకకు జారుచు, ఆయన ముందునకు వచ్చుచు, ఇద్దరును ఆ వాలు చివరవరకు అట్లే దిగిరి. ఏనాడో ఆమెకు తప్పటడుగులు నేర్పిన చేతులు ఆమె చేతులకై చాచియుండుట చూచి, అచ్చట నిలిచిన మా అందరి కన్నులును చెమర్చినవి.

ఉస్తాద్ నేర్పిన క్రమము ఆయన కల్పించినది కాదు. మంచుపలకలపై ప్రయాణము ఉత్తరదేశములవారికి వేల యేండ్లనాటి విద్య. కాని దానిని క్రీడగా మలచినవారిలో అగ్రగణ్యుడు నార్వేలో టెలిమార్క్ ప్రాంతమునందలి మోర్గెడాల్ గ్రామవాసి, నిరుపేద, సోండ్రే నోర్‌హీమ్. బూటు మొనను మాత్రమే పలకకు కట్టు కాలమున ఆయన మడమను గూడ కట్టి, మలుపులకును దూకులకును వీలు కల్పించి, 1868లో నేడు ఓస్లో అనబడు రాజధానిలో తన విద్యను ప్రదర్శించెను. అటు తరువాత ఆస్ట్రియాలో సాంక్ట్ ఆంటన్ గ్రామమున హానెస్ ష్నైడర్ అను శిక్షకుడు స్నోప్లౌతో మొదలిడి క్రమక్రమముగా పలకలను సమాంతరము చేయు ఆర్ల్‌బర్గ్ పద్ధతిని ఏర్పరచెను. ఆయన బడిలో శిష్యులు ప్రావీణ్యమునుబట్టి తరగతులుగా విభజింపబడిరి. నేడు ప్రపంచమందలి అనేక వాలులమీద కొత్తవారికి చెప్పు పాఠము స్థూలముగా ఆ క్రమమే.

మన దేశమున 1927లో గుల్‌మర్గ్ నందు ఆంగ్లేయులు స్కీ క్లబ్ స్థాపించిరి. 1964లో ఇన్స్‌బ్రుక్ శీతకాల ఒలింపిక్ క్రీడలలో భారతదేశము పక్షమున మొట్టమొదట పాల్గొన్న జెరెమీ బుజకోవ్‌స్కీ స్కీ క్రీడాకారుడే. కాశ్మీరమునకు చెందిన ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ క్రీడలలో జెయింట్ స్లాలమ్ పోటీని పూర్తిచేసి 45వ స్థానము పొందెను. ఇంత విశాలమైన హిమాలయము గల దేశమునకు ఇది స్వల్పమే. కాని మంచుకొండ ఎక్కడో ఉన్నదని వినుటయే గాని దానిపై కాలుమోపు అవకాశము కోటానుకోట్లకు లేదను సంగతి మరువరాదు. ఔలీలో 1973లో ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసు దళమువారు పర్వతారోహణ, స్కీ శిక్షణాలయమును నెలకొల్పిరి. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ సామాన్యులకు 7 దినముల, 14 దినముల తరగతులు నిర్వహించుచున్నది. 2011 జనవరిలో దక్షిణాసియా శీతకాల క్రీడలలోని హిమక్రీడలు ఇచ్చటనే జరిగినవి.

చిన్న వాలు మేలని నేననుటకు ముఖ్యకారణము ఇది. ఔలీ దిగువవాలున నిలిచిన గురువునకు శిష్యులందరును ఒక్క చూపులో కనబడుదురు. ఎవడు వెనుకకు వ్రాలుచున్నాడో, ఎవడు పైకెక్కుటలోనే అలసినాడో ఆయనకు అడుగకుండనే తెలియును. శిష్యుడును తాను దిగు ప్రతి గజమును ముందు తన కాళ్ళతోనే ఎక్కియుండుటచేత ఎక్కడ మెట్టయున్నదో, ఎక్కడ నీడకు మంచు గట్టిపడునో ఎరుగును. పెద్ద క్షేత్రములలో కొత్తవాడు లిఫ్టు ఎక్కి, పటము చేతబట్టి, తనకు మించిన వాలుమీద దిగబడు అపాయము కలదు. అతివేగులైన ప్రవీణులు వెనుకనుండి దూసికొని పోవుచుండగా అతడు నేర్చుకొనునది భయమే. ఔలీయందును పైవాలు కొన్నిచోట్ల నిటారైనదే. స్నోప్లౌతో కోరినచోట ఆగగలనని గురువునకు చూపువరకు ఛెయిర్ లిఫ్ట్ ఎక్కనీయరు. అనుమతి లభించిన ఉదయమున పైకి పోయి, దేవదారుల శిరస్సులకు సమముగా దిగి, నందాదేవి ఎదుట మొదటి మలుపు తీసినప్పుడు నేనెరిగిన ఆనందము, వయస్సు మీరిన తరువాత ఒక కొత్తవిద్య శరీరమున ప్రవేశించినప్పటి ఆనందము, వర్ణించుటకు పూనుకొనను.

మంచును చదువుట గూడ ఈ విద్యలో ఒక భాగమే. రాత్రి గడ్డకట్టినది గావున ప్రాతఃకాలమున మంచు పెళుసై, అంచుకు పట్టుచిక్కక, గరగర చప్పుడు చేయును. ఎండ సోకిన రెండు మూడు గంటలకు మెత్తబడి కొత్తవానికి అనుకూలించును. మధ్యాహ్నము మీరగనే తడిసి బరువెక్కి పలకలను పట్టి లాగును. ఎండ విషయమున గూడ మెలకువ కావలెను. కొత్తమంచు అతినీలలోహిత కిరణములలో సుమారు 80 శాతమును తిరిగి పైకి విసరును గనుక కన్నులకు, గడ్డము క్రిందిభాగమునకు గూడ రక్షణ కావలెను. నల్లకళ్ళద్దములు లేక ఒక పగలు గడపినవాడు రాత్రి కన్నులలో ఇసుక పోసినట్లు బాధపడును.

సాయంకాలములు శీఘ్రముగా చీకటిపడును. వంటశాలలో పొయ్యిచుట్టు చేరినవారికి గహత్ పప్పు, మండువా రొట్టె వడ్డింతురు. రుచి చూచిన తెలుగువారు అవి మన ఉలవలును చోళ్ళును అని వెంటనే గుర్తింతురు. రాజమహేంద్రవరపు మాష్టారు తమవెంట తెచ్చిన ఉసిరికాయ పచ్చడిని ఉస్తాద్ కంచమున వడ్డించి, ఆయన ముఖమువంకనే చూచుచు కూర్చుండిరి. ఆయన మరల అడిగి వేయించుకొనెను.

ఇంతటి ఔలీకి నేడు వచ్చిన కష్టము హిమలోపము. ఈ పర్వతములకు శీతకాలపు మంచు మధ్యధరా సముద్రప్రాంతమున పుట్టి ఇరాన్, ఆఫ్ఘనిస్థానముల మీదుగా వచ్చు వాయుసంచలనములవలన కురియును. అవి బలహీనమైన యేడు, లేదా వెచ్చదనము మించిన యేడు, జనవరి గడచినను వాలు పసుపుగడ్డితోనే కనబడును. ఇటీవల కొన్ని శీతకాలములలో మంచు చాలక పోటీలు రద్దగుటయు వాయిదాపడుటయు జరిగినది. కృత్రిమముగా మంచు కురిపించు యంత్రములు, వానికి నీరిచ్చుటకై త్రవ్విన సరస్సు ఉన్నమాట నిజమే. కాని గాలి పొడిగానుండి చలి సున్నాకు దిగువన రెండు మూడు డిగ్రీలైన ఉండనిదే ఆ యంత్రములు పనిచేయవు. ప్రకృతి సహాయము లేనిచోట యంత్రము నిరుపయోగము. మనుష్యులవలన గూడ ఈ పచ్చికకు హాని కలుగుచున్నది. 2019 వేసవిలో ఒక సంపన్న కుటుంబపు వివాహానంతరము మిగిలిన చెత్త సంగతి నైనితాల్‌లోని ఉన్నత న్యాయస్థానమువరకు పోయెను. క్రింద పట్టణము బీటలువారుచుండగా పైన పెద్ద హోటళ్ళు కట్టి ఔలీని మహాక్షేత్రముగా మార్చవలెనను మాట అప్పుడప్పుడు వినబడుచుండును. ఆ నేల అంత బరువును మోయజాలదు. ఔలీ చిన్నదిగానే ఉండవలెను. చిన్నదిగా ఉన్నంతకాలమే అది పాఠశాలగా ఉండును.

వారము దినముల తీరికయు, నడువగల మోకాళ్ళును గల తెలుగు పాఠకులు, ముఖ్యముగా ఇక మనకేమి విద్యలని అనుకొనుచున్న నడివయస్సువారు, ఒక శీతకాలమున ఔలీకి పోవలెనని కోరుచున్నాను. రెండు గంటలు బూట్లు అద్దెకు తీసికొని ఛాయాచిత్రముతో తిరిగివచ్చుటకు గాక, పూర్తి తరగతిలో చేరి శిష్యరికము చేయుటకు పోవలెను. బయలుదేరుటకు ముందు ఆ యేడు మంచు కురిసినదో లేదో విచారించుకొనవలెను. పోవునపుడు గాని వచ్చునపుడు గాని ఒక పూట జోషీమఠమున ఆగి, నరసింహస్వామిని దర్శించి, అచ్చటి దుకాణములలోనే సరకులు కొనవలెను. ఇండ్లు కోల్పోయినను ఊరు విడువని వారికి అది చిన్న అండ. వెంట తీసికొనిపోయిన ప్లాస్టిక్‌ను తమతోనే తిరిగి తీసికొని రావలెను.